మొదటి నవలకి ఎడిటర్ కావాలి, ఎవరైనా చెప్పగలరా?

నమస్కారమండీ. కౌలు రైతు కుటుంబం మీద నవల రాశాను. డెమీ సైజులో 220 పేజీలు రావచ్చు. స్నేహితులు బాగుందంటున్నారు (వాళ్లు ఇంకేమంటారులెండి), కానీ మధ్యలో కథ సాగుతోందని నాకే తెలుస్తోంది. ప్రూఫులు దిద్దేవాళ్లు దొరుకుతున్నారు. ఈ అధ్యాయం తీసెయ్, ఈ పాత్ర అనవసరం అని మొహమాటం లేకుండా చెప్పే ఎడిటర్లు తెలుగులో ఉన్నారా? ఎంత తీసుకుంటారు?

ఇంకోటి. నేను యూనికోడ్‌లో (ఫోన్లో, నెట్‌లో కనిపించే మామూలు తెలుగు) టైప్ చేశాను. పేజీలు కట్టే డీటీపీ ఆయన దాన్ని అనూ ఫాంట్లలోకి (అచ్చుపనికి వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) మారిస్తే 'లక్ష్మి' అన్న ప్రతిచోటా ఒత్తులు చెదిరిపోయాయి. కథానాయిక పేరే అది! నేరుగా యూనికోడ్‌లోనే పేజీలు కట్టేవాళ్లుంటే చెప్పండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) ఉచితమే కాబట్టి నేనే తీసుకుంటాను. 500 కాపీలు వేసి మంచం కింద పేర్చుకోలేను. వంద వేయించినవాళ్లుంటే కాపీకి ఎంత పడిందో చెప్పగలరా?