ఇంట్లో బియ్యం మానేసి సంగటికి మారాలా?

అనంతపురం సభ్యురాలు:
మా ఆయనకు చక్కెర వ్యాధి బయటపడినప్పటి నుంచి, ఇకమీదట బియ్యం ఇంట్లోకి తేవద్దని, మునుపటిలా రాగి సంగటి, కొర్రన్నమే వండాలని మా అత్తగారు పట్టుబడుతున్నారు. పిల్లలేమో సంగటి ముద్దను చూస్తేనే కంచం ముందు నుంచి లేచిపోతున్నారు. పూటకు మూడు రకాలు వండలేక అలసిపోతున్నాను. బియ్యం పూర్తిగా మానవలసిందేనా?

కర్నూలు సభ్యుడు:
మానవలసిందేనని నా అభిప్రాయం. వానను నమ్ముకున్న మన పొలాల్లో పండిన జొన్న, కొర్ర, రాగి తినే మన పెద్దలు బతికారు. వరి అన్నం పండగనాటి తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత రొట్టె, సంగటి వెనకబడ్డాయి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అది నామమాత్రం. బియ్యం మూట ఇంట్లో ఉన్నంతకాలం చెయ్యి అటే పోతుంది. మా ఇంట్లో రాత్రిపూట జొన్నరొట్టె తప్ప మరొకటి చేయము. మొదటి నెల కష్టమైంది, ఇప్పుడు పిల్లలే అడిగి తింటున్నారు.

కడప సభ్యురాలు:
కాల్షియం గురించి అన్నగారు చెప్పినది నిజమే, కానీ అక్క అడిగింది చక్కెర గురించి. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కిలోకేలరీలుంటే, రాగుల్లో సుమారు 320 ఉంటాయి, తేడా అంతే. పైగా మనం సంగటి కెలికేటప్పుడు ముందు బియ్యమో నూకలో ఉడికించి, ఆపైనే మెత్తగా పట్టించిన రాగిపిండి పోస్తాము కదా. మా నాన్నగారు అన్నం మానేసి మూడు పూటలా రెండేసి ముద్దలు, శెనక్కాయల చట్నీతో తిన్నారు. చక్కెర తగ్గలేదు. చివరకు వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "సంగటిలోకి ఏమిటి?" అని. ఆ ప్రశ్న మేమెవరమూ వేసుకోలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో, రోజుకు అందే శక్తిలో ధాన్యాలు, చిరుధాన్యాలు రెండూ కలిపి 45 శాతానికి మించరాదని ఉంది. రాగి అయినా బియ్యమైనా ఆ లెక్కలోనిదే. అందుకే మేము ముద్దను ఒకటికి తగ్గించి, చెంచాడు పప్పు వేసుకునే చోట గిన్నెడు ఆకుకూర పప్పు, దానితోపాటు బీరకాయో గోరుచిక్కుడో కూరగా పెట్టాము. ఊరగాయను వారానికి రెండుసార్లకు పరిమితం చేశాము, ఎందుకంటే రోజుకు ఐదు గ్రాములు దాటకూడదన్న ఉప్పు అందులోనే చాలావరకు పోతుంది. మందులు వాడుతున్నవారు మాత్రం ముద్ద తగ్గించే ముందు వైద్యుడితో మాట్లాడాలి. చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

అక్క అలసట గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. పప్పు, కూర అందరికీ ఒకటే వండండి. పిల్లలకు అన్నం, పెద్దలకు సంగటి. ఆ సంగటి కెలికే పనిని ఒక పూటైనా ఇంట్లోని మగవాళ్లు పంచుకోవాలి.

కర్నూలు సభ్యుడు:
పప్పు, కూరల మాట ఒప్పుకుంటాను. అయినా మన ఇళ్లు కొనకపోతే ఇక్కడి రైతు కొర్ర ఎందుకు వేస్తాడు? పిల్లలకు ఇప్పుడు అలవాటు చేయకపోతే తరువాత కుదరదు.

అనంతపురం సభ్యురాలు:
రేపటి నుంచి రాత్రికి ఒకే పప్పు, ఒకే కూర చేస్తాను. మా ఆయన సంగటి కెలకడానికి ఒప్పుకున్నారు. బియ్యం బదులు కొర్ర నూకతో సంగటి చేసినవారు ఉంటే, ఎన్ని నీళ్లు పోయాలో దయచేసి చెప్పండి.