హోటల్ చెత్త డబ్బాలు కడిగే పనికి రేటు ఎలా చెప్పాలి?

ఏస్‌బండి:
అన్నలూ, నాకో టాటా ఏస్ ఉంది. వెనకాల 500 లీటర్ల ట్యాంకు, పెట్రోల్ ప్రెషర్ వాషర్ బిగించుకుని ఇన్నాళ్లూ అపార్ట్‌మెంట్ల సంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు కడుగుతున్నాను. ఇప్పుడు మియాపూర్‌లో ఒక పెద్ద బిర్యానీ హోటల్ వాళ్లు చెత్త డబ్బాలు కడగమని పిలిచారు. 240 లీటర్ల చక్రాల డబ్బాలు 12, 1100 లీటర్లవి రెండు, వారానికి రెండుసార్లు రావాలట. ఓనర్ గారు డబ్బాకు 30 రూపాయలు ఇస్తానంటున్నారు. మూత తీసి చూస్తే అడుగున జిడ్డు నల్లగా గడ్డకట్టి ఉంది, పైన తెల్లపురుగులు. తక్కువ చెప్తే మునిగిపోతాను, ఎక్కువ చెప్తే పని పోతుంది, రెండు రోజులుగా ఇదే టెన్షన్.

బెజవాడ_వాష్:
తమ్ముడూ, డబ్బా లెక్కన అస్సలు ఒప్పుకోకు. 14 డబ్బాలకు 420 వస్తుంది, మనిషి కూలి కూడా రాదు. నా లెక్క చెప్తాను: ఇద్దరు మనుషులకు రోజుకు 1400, డీజిల్ 500, వాషర్ పెట్రోల్ 200, మందులూ గ్లౌజులూ 200, బండి కిస్తీ, రిపేర్లు కలిపి 600. అంటే బండి బయటికి తీస్తే 2900. పోను రాను, కడిగి సర్దేసరికి సగం రోజు ఆ హోటల్‌కే పోతుంది, కాబట్టి 1450 నీ ఖర్చే. 1900కు తగ్గితే నేనైతే వెళ్లను. అదే వీధిలో ఇంకో రెండు హోటళ్లు దొరికితే మాత్రం ధైర్యంగా తగ్గించు, ఎందుకంటే మన డబ్బులు తినేది కడగడం కాదు, తిరగడం.

మొదటిసారి కడిగేదానికి విడిగా రేటు చెప్పు. ఆ గడ్డ గీకి తీయాల్సిందే, వాషర్ గన్‌తో పోదు. ఇంకోటి, పొడిచెత్త డబ్బాలను వారానికి రెండుసార్లు కడగడం దండగ, నెలకోసారి చాలు. తడిచెత్తవి వారానికోసారి బాగా కడిగితే సరిపోతుంది. ఎండాకాలంలో ఈగ గుడ్డు నుంచి ఈగ అయ్యేసరికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది, ఆ లోపే కడిగేస్తే పురుగు ఈగ అవ్వదు. ఇది ఓనర్‌కు వివరంగా చెప్పు, ఖర్చు తగ్గుతుందని ఆయనా వింటాడు.

కిచెన్_సూపర్‌వైజర్:
నేను హోటల్ వైపు మనిషిని. మున్సిపల్ బండి వచ్చి వెళ్లాకే రండి, నిండు డబ్బాల ముందు మీ వాళ్లు నిలబడి ఉంటే మా పనీ ఆగుతుంది. బిర్యానీ జిడ్డు చన్నీళ్లకు కరగదు, గోడలంతా పాకుతుంది. వేడినీళ్లలో డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) కలిపి పది నిమిషాలు నాననివ్వండి. లోపలంతా మెరిసినా కంపు పోలేదంటే పై అంచు మడత కింద వేలు పెట్టి చూడండి, మెత్తగా తగులుతుంది. చక్రాల ఇరుసు దగ్గరా అంతే. ఆ రెండు చోట్లా బ్రష్ పడాలి. కడిగిన నీళ్లు రోడ్డు మీదకు, వాననీటి కాలువలోకి వదలకండి. ముందు జల్లెడ పట్టి, మెతుకులు తడిచెత్తలో వేసి, నీళ్లు హోటల్ గ్రీజ్ ట్రాప్ (జిడ్డును ఆపే తొట్టి) మీదుగా డ్రైనేజీలోకి పోనివ్వాలి. ఒకాయన రోడ్డు మీద వదిలి వెళ్తే పక్క షాపువాళ్లతో మేం మాటలు పడ్డాం.

పాత_చేయి:
బ్లీచింగ్ వాడే చోట బాత్రూమ్ యాసిడ్ తీయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మా కుర్రాడు డబ్బాలో తల పెట్టి రుద్దుతూ ఒక్క పీల్పుకే దగ్గుతూ కూలబడ్డాడు, ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది. 1100 లీటర్ల దాంట్లోకి మనిషిని దింపకండి, బ్రేకులు వేసి పొడుగు కర్ర బ్రష్‌తో బయటి నుంచే రుద్దించండి. గాజుపెంకులు ఉంటాయి, పల్చటి గ్లౌజులు పనికిరావు. అసలు ముఖ్యం, సంపులకు వాడే బ్రష్షులు, పైపులు వీటికి వాడొద్దు. జనం తాగే నీళ్లవి.

ఏస్‌బండి:
బ్రష్షుల సంగతి నిజంగా తట్టలేదు, థాంక్స్ అన్నా. ఈరోజే వేరే సెట్, వేరే పైపు కొన్నాను. నీళ్ల లెక్క కూడా వేశాను: గన్ నిమిషానికి 9 లీటర్లు, చిన్న డబ్బాకు మూడు నిమిషాలు, అంటే 12కు 324 లీటర్లు. పెద్దవి రెండూ కలిపి 130 అనుకున్నా ఒక్క ట్యాంకుతో అయిపోతుంది. వారానికోసారి 1900, మొదటిసారికి 3500, నీళ్లు వదలడానికి చోటు వాళ్లే చూపించాలి అని రేపు కాగితం మీద రాసి ఇస్తున్నాను. ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్‌లో కూడా అడిగి వస్తాను.