సమస్యాపూరణం: తమ్ము నమ్మిన పాపమే ధాన్యమయ్యె

నిర్వాహకులు:

ఈ వారం సమస్య తేటగీతి పాదం.

తమ్ము నమ్మిన పాపమే ధాన్యమయ్యె

‘తమ్మున్ అమ్మిన’, అంటే తమ్ముణ్ని అమ్మిన, అని అర్థం. వినగానే మనసు ఒప్పుకోదు. తోడబుట్టినవాణ్ని అమ్ముకున్న పాపం పండితే శాపం పండాలి గాని ధాన్యం పండడమేమిటి? ఈ చిక్కు కోసమే పాదాన్ని ఇలా కట్టాను. ఆధారం బైబిలు ఆదికాండంలోని యోసేపు కథ. దైవసంకల్పం, విమోచన (పాపం నుంచి విడుదల) అని క్రైస్తవ వేదాంతం చెప్పే రెండు మాటలూ ఒకే ఇంటి గొడవలో కలిసిపోయి కనబడే చోటు ఇది.

కథ తెలియనివారికి క్లుప్తంగా. యాకోబు కొడుకు యోసేపుకు 17 ఏళ్లు. అన్నలకు అతనంటే గిట్టదు. దోతాను దగ్గర అతణ్ని నీళ్లు లేని గోతిలో పడేసి, అన్నానికి కూర్చున్నారు. ఆ భోజనం మధ్యలోనే గిలాదు నుంచి గుగ్గిలం, మస్తకి, బోళం మోసుకుని ఐగుప్తుకు (ఈజిప్టుకు) పోతున్న ఒంటెల బిడారు కనబడింది. 20 తులాల వెండికి తమ్ముణ్ని అమ్మేశారు. బానిసతనం, అబద్ధపు నింద, చెరసాల దాటి 30 ఏళ్ల వయసులో యోసేపు ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడ్డాడు, ఏడేళ్ల పంట కాలంలో అయిదో వంతు ధాన్యం కొట్లకు చేర్పించాడు. తర్వాత కరువు వచ్చింది. ఆ గింజల కోసమే అన్నలు వచ్చి అతని ముందు సాగిలపడ్డారు.

పూరణల్లో ఛందస్సు ఎలాగూ చూస్తాను. దానితోపాటు ఇంకొకటి చూస్తాను: మీ పద్యంలో ధాన్యం ఇచ్చింది ఎవరు?

కృష్ణాతీరం:

గోత నెట్టిరి యోసేపుఁ గొంకు లేక
వెండి యిరువది తులముల విలువఁ గట్టి;
కరువు వేళల దైవమే కరుణఁ జూపె:
తమ్ము నమ్మిన పాపమే ధాన్యమయ్యె.

నిర్వాహకులు:

కృష్ణాతీరం గారూ, తొలి పూరణ మీదే. అభినందనలు. గణాలు, యతులు శుద్ధంగా ఉన్నాయి. ‘గొంకు లేక’ అన్న మాట ఆ అన్నల గుండెను చూపించింది. అయితే రెండో పాదానికీ మూడో పాదానికీ మధ్య ఇరవై ఏళ్లకు పైగా జారిపోయాయి. గోతి నుంచి నేరుగా కరువులోకి దూకారు. దేవుడు చివర్లో వచ్చి కరుణ చూపినట్టు ధ్వనిస్తోంది. ఆదికాండం చెప్పేది అది కాదు. అతణ్ని బానిసగా కొన్న పోతీఫరు ఇంట్లోనూ చెరసాలలోనూ యెహోవా అతనికి తోడుగా ఉన్నాడని 39వ అధ్యాయం పదే పదే అంటుంది. చెరసాలలో యోసేపు చేత తన కలకు అర్థం చెప్పించుకున్న ఫరో పానదాయకుల అధిపతి, ఆ కల ఫలించాక యోసేపును రెండేళ్లు మరచిపోయాడు గదా, దైవసంకల్పమనే మాటకు అసలు బరువు ఆ రెండేళ్ల దగ్గరే తెలుస్తుంది. కష్టం తీరాక ‘దేవుడు చేశాడు’ అనడం ఎవరికైనా వస్తుంది.

వెన్నెల:

వెరవ వలదింక, నన్నిట వేల్పు పంపె
మీకు ముందుగ జనులకు శుభముఁ గోరి;
కీడు మీరెంచ మేలుగాఁ గేల మలచె:
తమ్ము నమ్మిన పాపమే ధాన్యమయ్యె.

(యోసేపు తన అన్నలతో అంటున్న మాటలుగా రాశాను.)

నిర్వాహకులు:

వెన్నెల గారూ, పాత్ర నోట పలికించడం మంచి ఎత్తుగడ. రెండో పాదంలో యతి తప్పింది, ‘మీ’కి ‘శు’ చెల్లదు. ‘మీకు ముందుగ జనముల మేలుఁ గోరి’ అంటే సరిపోతుంది, అర్థమూ చెడదు.

మూడో పాదం ఈ సమస్యకు గుండెకాయ. మీరు నాకు కీడు ఉద్దేశించారు, దేవుడు దాన్ని మేలుకు ఉద్దేశించాడు అని 50వ అధ్యాయంలో యోసేపు చెప్పిన మాటను ఒక్క పాదంలో ఇమిడ్చారు. అక్కడ ఒకే పనికి రెండు ఉద్దేశాలు, ఇద్దరు కర్తలు. అన్నల ఉద్దేశం కీడుగానే మిగిలింది. దాన్ని దేవుడు తుడిచివేయలేదు, తనదిగా చేసుకోనూ లేదు.

ఒక్క విషయం. ‘నన్నిట పంపె’ అన్నది 45వ అధ్యాయంలో, యోసేపు తనను బయటపెట్టుకున్న రోజు మాట. ‘వెరవ వలదు’, ‘కీడు మీరెంచ’ అన్నవి తండ్రి పోయాక చెప్పినవి. యాకోబు 130 ఏళ్ల వయసులో ఐగుప్తుకు వచ్చి 147వ ఏట కన్నుమూశాడు. అంటే ఆ రెండు మాటల మధ్య 17 ఏళ్లున్నాయి. అన్నేళ్లు తమ్ముడు పెట్టిన తిండి తిని కూడా, తండ్రి పోగానే ఇక పగ తీర్చుకుంటాడేమోనని అన్నలు వణికారు. క్షమించడం ఎంత కష్టమో, క్షమాపణ దొరికిందని నమ్మడమూ అంతే కష్టం. పద్యంలో రెండు సన్నివేశాలను కలపడం కవికి ఉన్న స్వేచ్ఛే, కానీ ఆ 17 ఏళ్ల భయం మీద వేరే పద్యం రాస్తే ముందుగా చదివేది నేనే.

పదచ్ఛేద:

తండ్రి పంపగ నన్నల దరికి నడచి
నీరు లేనట్టి గోతిలో నిలిచె నతడు;
అతడె వారల యాకలి నణచె నపుడు:
తమ్ము నమ్మిన పాపమే ధాన్యమయ్యె.

(తమ్ము = తమను. అన్నలను నమ్మిన పాపానికి గోతిలో పడ్డాడని భావం.)

నిర్వాహకులు:

పదచ్ఛేద గారూ, పేరు నిలబెట్టుకున్నారు. పాదాన్ని వేరుగా విరిచి ‘నమ్మిన పాపానికి’ అన్న జాతీయాన్ని పట్టుకోవడం ముచ్చటగా ఉంది. సమస్యాపూరణంగా దీనికి వంక పెట్టలేను. కాని ఇలా విరిస్తే అమ్మిన పాపం పద్యంలో నుంచి మాయమైపోయింది, అన్నలు తప్పించుకున్నారు. తప్పు లేని చోట విమోచన మాటే పుట్టదు.

మన్నా:

ముప్పదికి నమ్మె గురువును మోసపుచ్చి
శిష్యుడొక్కడు; సిలువపైఁ జీవ మిచ్చె;
నేలఁ బడి చచ్చు గింజయే నిండు పంట:
తమ్ము నమ్మిన పాపమే ధాన్యమయ్యె.

కృష్ణాతీరం:

మన్నా గారూ, ‘జీవ మిచ్చె’ దగ్గర ఆగిపోయాను. ప్రాణం అర్పించాడు, ప్రాణం పోశాడు, రెండూ ఒక్క మాటలోనే వచ్చాయి.

నిర్వాహకులు:

నిజమే, రెండో పాదం చాలా బాగుంది. మూడో పాదంలో గోధుమగింజ మాట యోహాను సువార్త 12వ అధ్యాయంలో ఏసు తన మరణాన్ని గురించి చెప్పినదే. ‘ధాన్యం’ అన్న మాటకు ఈ దారి నాకు తట్టలేదు.

అయితే సమస్యా పాదం అతకలేదు. మూడు పాదాలు క్రీస్తును గురించి, నాలుగోది హఠాత్తుగా తమ్ముణ్ని గురించి. క్రీస్తును ‘తమ్ముడు’ అనడానికీ వీలు లేదు. రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయం ఆయనను అనేక సహోదరులలో జ్యేష్ఠుడంటుంది. ఒక్క పాదం పెంచి మాలికగా (నాలుగు పాదాలు మించిన పద్యంగా) చేస్తే ఇబ్బంది తీరుతుంది. సమస్యకు ముందు ఇది చేర్చి చూడండి:

నాడు యోసేపు కథలోన నడచెఁ గాదె

ఇప్పుడు పాత కథ కొత్తదానికి సాక్ష్యమవుతుంది. అన్నల్లో ‘అమ్మేద్దాం’ అన్నవాడు యూదా, క్రీస్తును 30 వెండి నాణేలకు పట్టించినవాడూ యూదా. పేరు కూడా కలిసింది.

బాటసారి:

మేలు రావలె నని కీడు మీరు సేయ
నొప్పునే? వలదని పౌలు చెప్పలేదె?
పంచె ధాన్యము దైవమే, పలుకఁ దగునె
“తమ్ము నమ్మిన పాపమే ధాన్యమయ్యె”?

నిర్వాహకులు గారూ, మీ సమస్యతోనే నాకు పేచీ ఉంది, అందుకే ప్రశ్నగా తిప్పాను. ‘పాపమే’ అన్న చోట ఆ ఏకారం పాపానికి పట్టం కడుతోంది. అలా అంటే, తమ్ముణ్ని అమ్మకపోతే అందరూ ఆకలితో చచ్చేవారే అని వాదించే నోళ్లు లేస్తాయి. ఈస్టరు ముందటి రాత్రి కత్తోలికులు పాడే స్తుతిలో ఆదాము పాపాన్ని ‘ధన్యమైన అపరాధమా’ అని పిలుస్తారు. అది భక్తి పారవశ్యంలో వచ్చిన పిలుపు, దాన్ని సిద్ధాంతంగా పట్టుకుంటే ప్రమాదం.

ఇంకొక మాట. 47వ అధ్యాయం ఎవరూ ముట్టుకోలేదు. కరువులో ఐగుప్తు జనం గింజల కోసం మొదట డబ్బు ఇచ్చారు, తర్వాత పశువులు, చివరికి పొలాలు, తమ ఒళ్లు. 20 తులాలకు అమ్ముడుపోయినవాడే ఒక జాతిని ఫరోకు కొనిపెట్టాడు. ఈ ధాన్యాన్ని మేలని ఎలా అంటాం?

నిర్వాహకులు:

బాటసారి గారూ, ముందు పద్యం. రెండో పాదంలో ‘ఒప్పు–చెప్ప’ ప్రాసయతి చక్కగా కుదిరింది. రోమీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో అపొస్తలుడు పౌలు, మేలు కోసం కీడు చేయవచ్చనే ఈ వాదాన్నే ఖండించాడు. సమస్యను ప్రశ్నగా మార్చి తిరగేయడం పాత పద్ధతే, ఇక్కడ అది అవసరంగా వచ్చింది.

మీ అభ్యంతరం సరైన చోటే తగిలింది. ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీను మాట చూడండి: చెడు అనేదే లేకుండా చేయడం కంటే చెడులో నుంచి మంచిని రాబట్టడం మేలని దేవుడు తలచాడట. రాబట్టేవాడు దేవుడు, చెడు దానంతట అది మంచిగా మారదు. 1646లో ఇంగ్లండులో రూపొందిన వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం కూడా దైవసంకల్పానికి ఒక అధ్యాయమే కేటాయించి, అందులో పాపపు దోషం సృష్టించబడినవారిదేగాని దేవునిది కాదని గీత గీసింది. పెంతెకొస్తు పండుగ రోజున క్రీస్తు శిష్యుడు పేతురు చేసిన ప్రసంగంలో దైవనిర్ణయం, మనిషి దోషం రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి: దేవుని నిర్ణయం చొప్పున క్రీస్తు అప్పగించబడ్డాడు, మీరు దుర్మార్గుల చేత సిలువ వేయించి చంపారు. పేతురు ఆ ‘మీరు’ను వదల్లేదు. విన్నవాళ్లు గుండెలో పొడిచినట్టయి ‘మేమేం చేయాలి’ అని అడిగారంటే అందుకే. సమస్యలో ఏకారం పెట్టింది విరోధం కోసం. దాన్ని విప్పవలసిన భారం పూరణ మీద ఉంది, మీరు విప్పారు.

47వ అధ్యాయం గురించి. ఆ జనం యోసేపుతో ‘నీవు మమ్మల్ని బతికించావు’ అన్నారని అక్కడే ఉంది. వాళ్లు పొలాలు పోగొట్టుకుని ఫరోకు దాసులయ్యారనీ అక్కడే ఉంది. గ్రంథం రెండింటినీ దాచకుండా రాసింది, మనమూ దాచకూడదు. దేవుడు ఒక మనిషిని వాడుకున్నాడంటే ఆ మనిషి పరిపాలనలో ప్రతి ఉత్తరువు మీదా దైవముద్ర పడిందని కాదు. నిర్గమకాండం తెరిచేసరికి యాకోబు సంతతే ఐగుప్తులో వెట్టి చేస్తోంది. కాబట్టి కొట్లు నిండడంతో విమోచన పూర్తయిందని చెప్పే పూరణను నేను ఒప్పుకోను. 1563 నాటి క్రైస్తవ బోధన గ్రంథం హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, వానలూ అనావృష్టీ, పండిన ఏడూ ఎండిన ఏడూ యాదృచ్ఛికంగా రావు, తండ్రి చేతి నుంచే వస్తాయంటుంది. నమ్మేవారికి అది ఊరట. పక్కవాడి ఎండిన పొలాన్ని చవకగా కొనుక్కోవడానికి మాత్రం అది అనుమతి కాదు.

పాఠకురాలు:

అందరూ ధాన్యాన్ని చూస్తున్నారు. నేను అమ్మినవాడిని చూశాను.

అమ్మ నెంచిన యూదాయె యనుజు బదులు
బానిసగ నుందు నే నని పలికెఁ దుదకు;
మనసు మార్చిన దైవంపు మహిమఁ గనుడు!
తమ్ము నమ్మిన పాపమే ధాన్యమయ్యె.

వెన్నెల:

పాఠకురాలు గారూ, చదివి కాసేపు మాట రాలేదు. మీ పూరణలో ధాన్యం యూదా మనసులో పండింది.

నిర్వాహకులు:

ఇన్ని పూరణల్లో నాకు బాగా నచ్చినది ఇదే. 44వ అధ్యాయం గుర్తు చేసుకోండి. యోసేపు తమ్ముడు బెన్యామీను సంచిలో వెండి గిన్నె దొరికింది. యోసేపు అతణ్ని దాసుడిగా ఉంచుకుని మిగిలినవారిని పొమ్మన్నాడు. అన్నలకు దోతాను నాటి అవకాశమే మళ్లీ వచ్చింది: తండ్రి ముద్దుబిడ్డను వదిలేసి, గింజలు తీసుకుని ఇంటికి పోవచ్చు. అప్పుడు యూదా ముందుకు వచ్చి, ఈ చిన్నవాడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి అన్నాడు. యోసేపు ఏడుపు ఆపుకోలేకపోయింది ఈ మాట విన్నాకే. అంతకు ముందు 42వ అధ్యాయంలోనే ఆ అన్నలు, తమ్ముడు బతిమాలుకుంటుంటే అతని వేదన చూసి కూడా మనం వినలేదు అని ఒకరితో ఒకరు ఒప్పుకున్నారు. ఎదుట ఉన్నవాడికి తమ భాష అర్థమవుతోందని వారికి తెలియదు.

వెన్నెల గారి పద్యంలో దేవుడు సంఘటనలను మలిచాడు, మీ పద్యంలో మనిషిని మలిచాడు. విమోచన అన్న మాటకు రెండోదే దగ్గర. ‘బదులు’ అన్న మాటను పాదం చివర నిలిపారు, సిలువ దాకా వెళ్లే మాట అది. ‘యూదాయె యనుజు’ దగ్గర యడాగమం, యతి రెండూ సరిగ్గా ఉన్నాయి.

మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో క్రీస్తు వంశావళి ఉంది. యాకోబు కొడుకుల్లో ఆ వరుస సాగింది ధాన్యం పంచిన యోసేపు ద్వారా కాదు, యూదా ద్వారా.

గడువు ఆదివారం దాకా ఉంది. మాలికలూ పంపవచ్చు.