ఆడవాళ్ల గురించి రాసేటప్పుడు ‘నామర్దా’ వాడొచ్చా?

హనుమకొండ టీచర్:
బడి పత్రిక కోసం రాసిన కథలో “కిరాణా కొట్టులో అప్పు అడగడం ఆమెకు నామర్దా అనిపించింది” అని రాశాను. ప్రూఫ్ చూసిన ఉర్దూ సార్ ఒకటే నవ్వు. “మేడం, ఆమె మర్ద్ ఎప్పుడయింది, నామర్ద్ కావడానికి?” అన్నారు. ఉర్దూలో మర్ద్ అంటే మగవాడు, నామర్ద్ అంటే మగతనం లేనివాడు, పిరికివాడు. తెలుగులోనేమో అవమానం అనుకుని వాడేస్తున్నాం. నాది తప్పేనా?

కాజీపేట జంక్షన్:
తప్పే మేడం. నామంజూరు, నాలాయక్‌లలో ‘కాదు, లేదు’ అనే అర్థమిచ్చే ‘నా’నే ఇదీ. నామోషీ కూడా అంతే. 1948 దాకా ఇక్కడ కచేరీ భాష ఉర్దూ. మన చెవికి ఇంకా అందులో మర్దే వినిపిస్తాడు. మనకు ఇజ్జత్ అనే మాట ఉండగా ఇదెందుకు?

కరీంనగర్ పాతపుస్తకాలు:
అన్నా, నామోషీని ఇందులో కలపకు. అది ‘నామూస్’ నుంచి వచ్చింది. ఉర్దూలో దాని అర్థమే పరువు! మరాఠీవాళ్లూ మనమూ దాన్ని తలకిందులు చేసి పరువు పోవడానికి పెట్టుకున్నాం. మూలం చూసి తప్పనేటట్టయితే ముందు దాన్ని కొట్టెయ్యాలి.

ఇక ఇజ్జత్, నామర్దా ఒకటి కావు. పెళ్లి విందులో మటన్ ముక్కలు తక్కువ పడితే పోయేది పెళ్లివారి ఇజ్జత్. ఇంకో రెండు ముక్కలు వెయ్యమని అడగడానికి మొహమాటపడితే అది నామర్దా. ఒకటి నలుగురిలో జరిగిపోయేది, ఇంకోటి పని చెయ్యకముందే మనసులో అడ్డం పడేది. “బస్టాండులో ఇజ్జత్ తీసిండు” అంటాం, “నామర్దా తీసిండు” అని ఎవరైనా అంటారా? బద్నాం మళ్లీ వేరు. చెయ్యని పనికి కూడా బద్నాం కావచ్చు, నాలుగు నోళ్లు చాలు.

ములుగు అక్క:
అర్థం మారిందంటే ఒప్పుకుంటాను తమ్ముడూ. కానీ సిగ్గుపడ్డ ప్రతిసారీ ‘మగవాడిలా లేవు’ అనే మాటే వాడాలా? పరువంతా మగవాళ్ల సొత్తయినట్టు! తెలిశాక నేనైతే రాయలేను.

కాజీపేట జంక్షన్:
ముక్కల లెక్కకు ఓడిపోయాను. అయినా మా నానమ్మ దీన్ని ‘చిన్నతనం’ అనేది. అలా రాస్తే ఏ సారూ నవ్వడు.

హనుమకొండ టీచర్:
మార్చాను తమ్ముడూ, “అప్పు అడగడం ఆమెకు చిన్నతనం అనిపించింది” అని. సైన్స్ మేడం చదివి, “పాపం, అప్పుడు ఎన్నో తరగతి?” అని అడిగింది.