పిల్లల క్యాన్సర్ గురించి భయపెట్టకుండా చెప్పడం ఎలా?

కావలి దగ్గర తీరప్రాంత గ్రామంలో ఉపాధ్యాయురాలిని. సెప్టెంబరు పిల్లల క్యాన్సర్ అవగాహన మాసం. బంగారు రంగు రిబ్బను దాని గుర్తు. ఈసారి మా ఊరి ఆశా కార్యకర్తతో కలిసి చుట్టుపక్కల మత్స్యకార పల్లెల్లో తల్లిదండ్రులతో మాట్లాడాలనుకుంటున్నాను.

ఎంతకీ తగ్గని జ్వరం, ఒళ్లు పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి, పొద్దున్నే తలనొప్పితో వాంతులు. ఇవి పిల్లల క్యాన్సర్ లక్షణాలు కావచ్చు. కానీ చాలావరకు మామూలు జబ్బుల్లోనూ కనిపిస్తాయి, అసలు చిక్కంతా అక్కడే. అందరినీ హడలగొట్టకూడదు, కానీ వారాల తరబడి తాయెత్తులతో, పసరు మందులతో గడపనివ్వకూడదు. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో బిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే వెంటనే కంటి డాక్టరుకు చూపించాలన్న సంగతి మాత్రం ప్రతి తల్లికీ తెలియాలి. అది రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో సంపన్న దేశాల్లో 80 శాతానికి పైగా పిల్లలు కోలుకుంటున్నారు. పేద దేశాల్లో చాలాచోట్ల 30 శాతం కూడా లేరు. ఆలస్యంగా గుర్తించడం, చికిత్స మధ్యలో మానేయడం ఇందుకు ముఖ్య కారణాలు. ఈ తేడా తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

తెలుగులో బొమ్మలతో ఉన్న పోస్టర్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? వేటకు వెళ్లే తండ్రులను ఏ వేళలో కలుసుకోవచ్చు? నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో బిడ్డకు చికిత్స పూర్తి చేయించిన తల్లిదండ్రులెవరైనా వచ్చి రెండు మాటలు చెప్పగలరా? ఇది అంటుకునే జబ్బు కాదని మేం చెప్పడం కన్నా మీరు చెబితే నమ్ముతారు.