కెనరా పెర్ల్‌స్పాట్‌కు మన బోరు నీళ్లు పడతాయా?

అందరికీ నమస్కారం. కెనరా పెర్ల్‌స్పాట్ (శాస్త్రీయ నామం ఎట్రోప్లస్ కానరెన్సిస్) చేపను పెంచుతున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? మన దేశంలో సహజంగా దొరికే సిక్లిడ్లు (ఒక చేపల కుటుంబం) మూడే, వాటిలో ఇదొకటి. ఈ చేప కర్ణాటకలో, నేత్రావతి, కుమారధార నదుల వైపు బతుకుతుంది. 1877లోనే చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే దీన్ని వర్ణించినా, పెంచే పద్ధతి గురించి రాసినవాళ్లు చాలా తక్కువ. షాపులో అడిగితే, దీని బంధువైన, ఉప్పు కలిసిన నీళ్లలో బతికే కేరళ కరిమీన్‌కు చెప్పినట్టే ఉప్పు వేయమంటున్నారు. ఇది మంచినీటి చేప కదా, నాకు ధైర్యం చాలడం లేదు.

నా దగ్గర ట్యాంకులో పుట్టిన పిల్లలు ఆరున్నాయి. ఉండేది హైదరాబాద్‌లో, బోరు నీళ్లు బాగా కఠినం (ఖనిజ లవణాలు ఎక్కువ). చేపలకు విషమయ్యే అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలో సున్నా. అయినా రెండు నల్లబడి మూలనే ఉంటున్నాయి, మేత ముట్టడం లేదు. పెద్దది వాటిని తరుముతూనే ఉంది. చూస్తుంటే చాలా టెన్షన్‌గా ఉంది.

ఆర్వో నీళ్లు కలపమంటారా? కలిపితే ఎంత, ఎన్ని రోజుల్లో? లేక గుంపు పెంచితే తరమడం తగ్గుతుందా? అంతరించే ముప్పున్న చేప కాబట్టి నదిలో పట్టినవి మాత్రం కొనను. వీటితో గుడ్లు పెట్టించినవాళ్లుంటే దయచేసి మీ నీళ్ల వివరాలు కూడా చెప్పండి.