చంద్రపూర్ బొగ్గు విద్యుత్ కేంద్రంలో గంధకం పొగ తగ్గిస్తే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరి బల్లార్షా. మేడ మీద ఆరేసిన బట్టల్ని దులిపితే బూడిద రాలుతుంది. అమ్మకు చలికాలమంతా ఆయాసమే.

ప్లాంటు పొగలోని బూడిదను ఆపే పరికరం ఈఎస్‌పీ. గంధకం వాయువైన సల్ఫర్ డయాక్సైడ్‌ను సున్నపురాయి నీళ్లతో కడిగే పరికరం ఎఫ్‌జీడీ. 2015లో కేంద్రం ఈ వాయువుకు పరిమితి పెట్టింది, 2025 జూలైలో చాలా ప్లాంట్లకు ఎఫ్‌జీడీ నుంచి మినహాయింపు ఇచ్చింది. కాలుష్యం తీవ్రంగా ఉన్న ప్రాంతాలకు 10 కిలోమీటర్ల లోపువాటిని మాత్రం విడివిడిగా పరిశీలిస్తారట. మాకు ఆశ అదొక్కటే.

ఇక్కడ ఎవరిని కదిపినా "ఎఫ్‌జీడీ పెడితే బిల్లు పెరుగుతుంది" అంటారు. టారిఫ్ పిటిషన్లు (కరెంటు ధర కోసం కంపెనీలు విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు ఇచ్చే దరఖాస్తులు) చదివినవాళ్లు దయచేసి చెప్పండి: పెట్టుబడి ఫిక్స్‌డ్ చార్జీలో, సున్నపురాయి ఖర్చు వేరియబుల్ చార్జీలో కలిపితే యూనిట్‌కు ఎన్ని పైసలు పడుతుంది? ఖర్చు పెరిగిన ప్లాంటు మెరిట్ ఆర్డర్‌లో (చవక కరెంటును ముందు కొనే వరుసలో) వెనక్కి పోతుందా? అమ్మ ఇన్‌హేలర్ల ఖర్చు లాంటివి కమిషన్ విచారణలో లెక్కలోకి తీసుకుంటారా? అభ్యంతరం రాయాలనుకుంటున్నాను.